కాలువ గట్టు నుంచి తుంగభద్ర మెట్ల దాకా: కర్నూల్లో తీరిక నడక

కర్నూల్లో నీటి ఒడ్డున నడవాలంటే ముందు ఏ నీరో తేల్చుకోవాలి. ఊళ్ళో మూడు నీళ్ళున్నాయి. ఉత్తరాన తుంగభద్ర, పాత పట్నాన్ని ఆనుకుని వచ్చి అందులో కలిసే హంద్రీ నది, ఇళ్ళ మధ్యలోంచి కేసీ కెనాల్ అనే కాలువ. రాజమండ్రిలో గోదావరి గట్టు ఎక్కినట్టు ఎక్కి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పోదామంటే ఇక్కడ కుదరదు. ఊరు మూడింటికీ చాలాచోట్ల వీపు పెట్టే కూర్చుంది. అందుకే ముక్కలుగా నడవాలి. ఆదివారం పొద్దున కాలువ, ఆ వెంటనే పాత పట్నం మీదుగా హంద్రీ, మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఒక నిద్ర, సాయంత్రం తుంగభద్ర. ఈ వరస మార్చొద్దు. ముందు కాలువ చూస్తే తప్ప హంద్రీ అర్థం కాదు, హంద్రీ చూడకుండా తుంగభద్ర దగ్గరికి పోతే అది మెట్లు, నీళ్ళు, సెల్ఫీలతో సరిపోతుంది.

కాలం సంగతి. నడకకు అన్నిటికన్నా మంచి రోజులు దసరా నుంచి సంక్రాంతి దాకా. కాలువలో నీళ్ళుంటాయి, నదిలోనూ ఉంటాయి, ఎండ నెత్తి పగలగొట్టదు. ఆషాఢంలో కూడా రావొచ్చు కానీ గాలి దుమ్ము కళ్ళలో కొడుతుంది, టోపీ నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడున్నరకే గట్టు మీద రాయి వేడెక్కుతుంది. కాలువ ఎండి అడుగున చెత్త తేలుతుంది, తుంగభద్రలో బండలూ ఇసుకా కనిపిస్తాయి. ఆ బండల్ని చూడటానికే ఎండాకాలం వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళు ఆరు గంటలకే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఇల్లు చేరాలి.

పొద్దున నడక మొదలు వినాయక ఘాట్ దగ్గర. చవితి పండుగకు ఊళ్ళోని విగ్రహాలన్నీ కేసీ కెనాల్‌లో కలిసేది ఇక్కడే, అందుకే ఆ పేరు. నిమజ్జనం అయిన వారం పది రోజులు మాత్రం ఇటు రాకండి. విగ్రహాల లోపలి కర్రలూ మేకులూ ఇనుప తీగలూ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటాయి, చెప్పులోంచి మేకు దిగితే నడక అక్కడితో సరి.

ఈ కాలువ పూర్తి పేరు కర్నూలు-కడప కాలువ. ఊరికి ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి నీటిని మళ్ళించి, కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు తవ్వారు. పని 1863లో మొదలై 1870కి పూర్తయింది. తవ్వించింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. లాభం రాక చతికిలబడితే 1882లో ప్రభుత్వం కొనేసింది. మొదట్లో ఇందులో పడవలు కూడా నడిచాయి. ఇప్పుడు గట్టు మీద నిలబడి నీళ్ళలో ప్లాస్టిక్ కవర్లను చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు, కానీ వెడల్పు చూడండి, వాలు ఎంత తక్కువో చూడండి. పడవల కోసం కూడా కట్టిన కాలువ ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఆ వాలే ఇక్కడ అసలు విషయం. నది తన దారిన తాను పల్లానికి గబగబా దిగుతుంది. కాలువ అదే చోట బయల్దేరి, దిగీ దిగనట్టు, భూమి ఎత్తును పట్టుకుని ఒద్దికగా వస్తుంది. సుంకేసుల దగ్గర పక్కపక్కనే ఉన్న ఈ రెండు నీళ్ళూ కర్నూలు చేరేసరికి ఎత్తులో విడిపోతాయి. కాలువ పైన, నది కింద. అందుకే కాలువ హంద్రీని దాటాల్సి వచ్చినప్పుడు నదిలో కలవకుండా, దాని మీద కట్టిన తూము వంతెన మీదుగా, అంటే అక్విడక్ట్ మీదుగా అవతలికి పోతుంది. కింద ఒక నీరు, పైన ఇంకో నీరు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి కూడా అది చూడనివాళ్ళు చాలామంది. వంతెన గోడ పక్కన నిలబడి కింద కమానుల్లోంచి హంద్రీని, పక్కకు తిరిగి కాలువని ఒకే చూపులో చూడొచ్చు. గోడ ఎక్కి కూర్చోవడం మాత్రం వద్దు. సున్నం ఊడిన చోట రాయి కదులుతుంది, ఏ రాయి కదులుతుందో పైనుంచి చూస్తే తెలియదు.

కాలువ దగ్గర పిల్లలుంటే ఒక ఆట ఆడించండి. గట్టు వెంబడి పది మీటర్లు కొలవండి. పెద్దవాళ్ళ మామూలు అడుగులు పదమూడో పద్నాలుగో అవుతాయి. పైచివర ఎండిన వేపాకు రెమ్మ ఒకటి నీళ్ళ మధ్యకు విసిరి, అది కింది గుర్తును దాటేదాకా ఫోన్లో సెకన్లు లెక్కపెట్టండి. పది సెకన్లు పడితే నీరు సెకనుకు ఒక మీటరు పోతున్నట్టు. ఇరవై పడితే అరమీటరు. ఇది పైపొర వేగం. అడుగున రాపిడి ఉంటుంది కాబట్టి మొత్తం నీటి సగటు కావాలంటే 0.85తో గుణించాలి. మూడుసార్లు విసిరి సగటు తీయండి, ఎందుకంటే మొదటిసారి రెమ్మ తప్పకుండా ఒడ్డున గడ్డికి తగులుకుంటుంది. బరువైన కొమ్మ వేస్తే అడుగుకు పోతుంది, మరీ తేలికైన ప్లాస్టిక్ కప్పు వేస్తే గాలే దాన్ని నడిపిస్తుంది, లెక్క తప్పుతుంది. సెకనుకు మీటరు దాటితే మోకాలి లోతులో కూడా కాలు నిలవదని పిల్లలకు అప్పుడే చెప్పండి. వద్దు వద్దని అరవడం కన్నా వాళ్ళు కొలిచిన అంకె వాళ్ళకు బాగా ఎక్కుతుంది.

గట్టు మీద చెప్పులు పనికిరావు. ఒడ్డంతా సర్కారు తుమ్మ. ఎండిన ముల్లు రబ్బరు చెప్పు అడుగును సునాయాసంగా దాటుతుంది. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, పూర్తి ప్యాంటు వేసుకోండి. మనిషికి లీటరున్నర నీళ్ళు. గట్టు పొడుగునా మరుగుదొడ్డి దొరకదు, ఇంట్లోనో హోటల్లోనో ఆ పని ముగించుకునే బయల్దేరాలి. కుక్కలు గుంపులుగా ఉంటాయి. పరుగెత్తొద్దు, నిలబడి, వంగి రాయి తీస్తున్నట్టు చేస్తే చాలు. ఆ భాష వాటికి వచ్చు.

కాలువ నుంచి పాత పట్నంలోకి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. ఇక ఉగ్గాని తినకపోతే కర్నూలు వచ్చినట్టు కాదు. బండి దగ్గర నిలబడి ఒక్క పని గమనించండి. బొరుగుల్ని నీళ్ళలో వేసి ఎంతసేపు ఉంచుతున్నాడు? మంచి చెయ్యయితే వేసి, ఒక్కసారి ముంచి, రెండు చేతులతో గట్టిగా పిండి, వెంటనే తాళింపులోకి. నాలుగు క్షణాలు ఎక్కువైతే బొరుగు ముద్దవుతుంది. తక్కువైతే నడుమ పొడిగా, నమిలితే గరగరమంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో తాళింపు, దాని మీద పిండిన బొరుగులు, చివర్లో పుట్నాల పొడి, నిమ్మరసం. పుట్నాల పొడి మిగిలిన తడిని పీల్చి బొరుగుల్ని విడివిడిగా ఉంచుతుంది, అందుకే దాన్ని ముందు వేయకూడదు. పక్కన మిరపకాయ బజ్జీ. చల్లారిన ఉగ్గాని ఎవరికీ ఉపయోగం లేదు, కాబట్టి పెనం మీద పొగ కనిపించే బండి దగ్గరే ఆగండి. "అన్నా, ఒక ప్లేటు, బజ్జీలు రెండు, కారం కొంచెం తగ్గించన్నా" అంటే తగ్గిస్తారు, కానీ వాళ్ళ తక్కువ కోస్తావాళ్ళ ఎక్కువకు సమానం.

కొండారెడ్డి బురుజు దారిలోనే. అచ్యుత దేవరాయల కాలపు కోటలో మిగిలిన ముఖ్యమైన ముక్క ఇది. ఆయన ఏలింది 1529 నుంచి 1542 దాకా. బురుజు కింది నుంచి తుంగభద్ర అడుగుగా, అవతలి ఒడ్డున ఉన్న అలంపురానికి సొరంగం ఉందని చెప్పుకుంటారు. సొరంగం మాట ఎలా ఉన్నా, అలంపురానికీ ఈ ఊరికీ సంబంధం ఊరి పేరులోనే ఉందంటారు. అలంపురం గుళ్ళకు రాళ్ళు మోసుకుపోయే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవట. కందెనవోలు, కందనవోలు, కర్నూలు. ఈ సంగతి నిలబడి చదవాల్సిన చోటు బురుజు దగ్గర కాదు, సాయంత్రం నది మెట్ల మీద. బండి ఇరుసుకు కందెన ఎందుకు కావాలో అవతలి ఒడ్డును చూస్తే తెలుస్తుంది. ఇసుకలో, రాళ్ళలో, నిండు బరువుతో అంత వెడల్పు దాటాలి మరి.

బురుజు దగ్గర ఎక్కువసేపు ఆగకుండా హంద్రీ వైపు నడవండి. హంద్రీ ఎక్కడో సహ్యాద్రిలో పుట్టిన నది కాదు. ఈ జిల్లాలోనే మద్దికెర వైపు పొలాల్లో పుట్టింది. దారిలో గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టు దీని మీదే, దానికి సంజీవయ్య సాగర్ అని పేరు. ఈ జిల్లాలోనే పుట్టి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరది. వాన పడితే హంద్రీలో నీరు, లేకపోతే ఊరి మురుగు. ముక్కు మూసుకోవాల్సిన చోట్లున్నాయి, దాచి లాభం లేదు. గుర్రపు డెక్క పరుచుకుని పైకి పచ్చగా, అందంగా కనిపిస్తుంది. ఆ పచ్చదనమే నీళ్ళలో మురుగు ఎంత కలిసిందో చెప్పే గుర్తు. ఎరువు ఎక్కువున్న నిలవ నీటిలోనే అది అంత బలంగా పెరుగుతుంది. దాని మీద నేల అనుకుని కాలు పెట్టే పిల్లలుంటారు, చెయ్యి పట్టుకోండి.

అయినా హంద్రీ ఒడ్డు వదలకూడదు, గోల్ గుమ్మజ్ కోసం. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఇది, 17వ శతాబ్దపు కట్టడం. గుమ్మటాలూ కమానులూ బీజాపూరు ధోరణిలో ఉంటాయి. బయటి వరండాలో కమానుల నీడ పొద్దున తొమ్మిది ప్రాంతంలో నేల మీద పొడుగ్గా పడుతుంది, ఫోటోలకు ఆ గంట మంచిది. పదకొండు దాటితే వెలుగు నిటారుగా పడి అంతా చప్పగా కనిపిస్తుంది. లోపల సమాధులున్నాయి, చెప్పులు విడిచి, గొంతు తగ్గించి వెళ్ళండి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పెద్దవాళ్ళెవరైనా కూర్చుని ఉంటే "సలాం చాచా" అని పలకరించి దారి అడగండి. ఫోన్ మ్యాపులో లేని సందు వాళ్ళు చూపిస్తారు.

హంద్రీ వంతెన మీదికొచ్చాక ఒక చోట ఆగి, నీటిని చూడటం మాని, ఒడ్డున తుమ్మ చెట్లను చూడండి. కొమ్మల్లో చిరిగిన గోనె, పాలిథిన్ సంచి, ఎండిన గడ్డి మోపు ఇరుక్కుని ఉంటాయి. ఎవరూ ఎక్కించలేదు. వరద వదిలిపోయిన గుర్తులవి. చెట్టు మొదట్నుంచి ఆ చెత్త ఎంత ఎత్తులో ఉందో, కిందటి వరద అంత ఎత్తు వచ్చినట్టు. ఒకటి చూసి తేల్చకండి, గాలికి ఎగిరొచ్చిన సంచి కూడా ఉండొచ్చు. నాలుగైదు చెట్లలో ఒకే మట్టంలో కనిపిస్తే అప్పుడు అది నీటి గీత. ఇంకో పరీక్ష, చెత్త కొమ్మకు ఏ వైపున ఉంది? వరద తెచ్చిందైతే ఎగువ వైపు నొక్కుకుని, కొసలు దిగువకు తిరిగి ఉంటాయి.

ఈ ఎత్తులు లెక్కపెడుతుంటే 2009 అక్టోబరు 2 గుర్తొస్తుంది. ఆ రోజు పాత పట్నం మునిగింది. పైన తుంగభద్ర నిండుగా వస్తోంది, అదే సమయంలో హంద్రీ కూడా పొంగింది. మామూలుగా హంద్రీ తన నీటిని తుంగభద్రలో దించుకుని బతుకుతుంది. పెద్ద నదే ఎత్తుగా ఉంటే చిన్న నది నీరు దిగే చోటు లేక వెనక్కి తన్నుతుంది. ఆ వెనక్కి తన్నిన చోట ఉన్నది పాత పట్నం, రెండు నదుల మధ్య నాలుకలాంటి నేల మీద. ఒకప్పుడు కోటకు రెండు వైపులా నీరు కాపలా అని ఇక్కడే కట్టారు. కాపలా ఉన్న నీరే లోపలికి వచ్చింది. దిగువన శ్రీశైలం జలాశయానికి ఆ రోజుల్లో 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. మిగతా గుణకారం మీరే చేసుకోండి. పాత ఇళ్ళ గోడల మీద నీటి గీతల్లో చాలావాటిని సున్నం కప్పేసింది. రంగు వెయ్యని వెనక గోడల్లోనో, పాత కొట్టు తలుపుల కింది చెక్కలోనో ఇంకా చూడొచ్చు. చెక్క ఒక మట్టం దాకా నల్లబడి, పైన మామూలు రంగులో ఉంటుంది. ఇల్లు వాళ్ళది, అడిగి చూడండి.

రెండు నదులు కలిసే మొన దాకా నడిచిపోదామని చాలామందికి ఉంటుంది. నీళ్ళున్న కాలంలో వద్దు. ముళ్ళ పొద, బురద, పైగా ఇసుక తవ్విన గుంటలు. గుంట నీటితో నిండితే పైకి చదునుగానే కనిపిస్తుంది. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగులో తల మునిగేది ఇలాంటి చోటే. ఈత వచ్చినా లాభం తక్కువ, గుంట అంచు ఇసుక చేతికి నిలవదు, పట్టుకున్నకొద్దీ జారుతుంది. వంతెన మీదినుంచి చూడటం చాలు.

సాయంత్రం సంకల్‌బాగ్ ఘాట్. తుంగభద్ర పుష్కరాలు 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా జరిగినప్పుడు ఈ ఒడ్డున ఘాట్లు బాగుచేశారు. నాలుగు గంటలకు చేరితే ఎండ తగ్గుతూ ఉంటుంది. మీరు నిలబడింది దక్షిణపు ఒడ్డు. ఎదురుగా ఉన్నది తెలంగాణ. నది ఎడమ నుంచి కుడికి పోతుంది. సూర్యాస్తమయం కోసం వచ్చి నిరాశపడేవాళ్ళు ఒక లెక్క మరిచిపోతారు. ఎండాకాలంలో సూర్యుడు పడమరకు కొంచెం ఉత్తరంగా దిగుతాడు, అంటే ఎగువన నీటి మీద. డిసెంబరులో పడమరకు దక్షిణంగా దిగి ఊరి ఇళ్ళ వెనక్కి పోతాడు. నీళ్ళలో ఎర్రటి దారి కావాలంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య రావాలి. చలికాలంలో అస్తమయం చూడకండి, అది అయ్యాక పావుగంటకు నీటి మీద పరుచుకునే ఊదా రంగు చూడండి. డిసెంబరు నడుమ సూర్యుడు ఆరుకు ఓ పన్నెండు నిమిషాల ముందే దిగిపోతాడు, జూన్‌లో ఏడుకు పది నిమిషాలు తక్కువ దాకా ఉంటాడు.

మెట్ల మీద జాగ్రత్త. నీటికి పైన ఉన్న పొడి మెట్టు నమ్మదగిందే. నీటిలోని మెట్టు పాచి పట్టి జారుతుంది, కానీ అక్కడ ఎవరైనా ఆచి తూచి కాలు వేస్తారు. మనిషిని తెలియకుండా పడగొట్టేది ఆ రెండింటి మధ్య, నిన్న నీటిలో ఉండి ఇవాళ బయటపడ్డ మెట్టు. పైన ఎండినట్టు కనిపించే పాచి పొర కింద జిగురుగానే ఉంటుంది. ముదురాకుపచ్చ లేక నలుపు మచ్చలున్న మెట్టు మీద మడమ మోపకండి. దిగాలనుకుంటే పక్కకు తిరిగి, పాదం మొత్తం ఆనించి, ఒక్కో మెట్టు దిగండి.

కూర్చునే ముందు నీటి అంచున ఒక చిన్న రాయి పెట్టండి. పావుగంటకు ఒకసారి చూడండి. రాయి నీట మునిగితే మట్టం పెరుగుతోంది, పిల్లల్ని పైమెట్లకు రమ్మనండి. సుంకేసులలో గేట్లు ఎత్తితే ఆ నీరు ఇక్కడికి రావడానికి గంటలు పడుతుంది. దూరం పాతిక కిలోమీటర్ల చిల్లర, నీరు గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచిందనుకున్నా ఐదారు గంటలు. అందుకే పొద్దున పేపరు జిల్లా పేజీలో ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలు చూసి బయల్దేరితే సాయంత్రం ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. పైన హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ వార్త కూడా చూడాలి. 2024 ఆగస్టు 10 రాత్రి అక్కడ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన ఒడ్డున కూడా నదిలోకి దిగొద్దని హెచ్చరికలు వచ్చాయి. ఇక్కడ వాన చుక్క లేని రోజున కూడా నది పెరగొచ్చు, ఎందుకంటే ఇది మన వాన తాగి బతికే నది కాదు. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల్లో పుట్టి, కూడ్లి అనే ఊరి దగ్గర కలిసి, కర్ణాటక వానను ఇక్కడికి మోసుకొస్తాయి.

వెలుగు తగ్గే వేళకు చేపలవాళ్ళ పుట్టి ఒకటి ఒడ్డుకు వస్తే దగ్గరికెళ్ళి చూడండి, ఫోటో తర్వాత. గుండ్రటి వెదురు తట్టలాంటిదే, మనిషి కూర్చునేంత. చీల్చిన వెదురు బద్దల్ని అడ్డంగా నిలువుగా అల్లి, అంచున బద్దల్ని కట్టగా చుట్టి బిగిస్తారు. వెనకటికి పైన తోలు కప్పేవాళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. దీనికి ముందూ వెనకా లేదు కాబట్టి కొత్తవాడు తెడ్డు ఒక పక్కన వేస్తే అక్కడే బొంగరంలా తిరుగుతుంది. తెలిసినవాడు తెడ్డును తనకు ఎదురుగా, పోవాల్సిన దిక్కున వేసి, నీటిని తనవైపు లాగుతాడు. పుట్టి ముందుకు పోతుంది. "అన్నా, చేపలేం పడ్డాయి?" అని అడిగితే చూపిస్తారు, కొంటామంటే అక్కడే తూచి ఇస్తారు. ఎక్కించమని మాత్రం అడగకండి. ఇద్దరికి సరిపోయే పుట్టిలో మూడో మనిషి నిలబడితే బరువు ఒక పక్కకు ఒరిగి నీరు అంచు దాటుతుంది. అల్లిక తడిగా ఉంటే బరువెక్కి బద్దలు సాగుతాయని, ఒడ్డుకు చేరగానే బోర్లా తిప్పి ఆరబెట్టేస్తారు. చీకటి పడేసరికి మెట్ల పక్కన అలాంటివి రెండు మూడు, బోర్లించిన గంపల్లా వరసగా ఉంటాయి. ఘాట్ దగ్గర ఆటో దొరక్కపోతే రోడ్డు దాకా నడిచి పట్టుకోవాలి.